పంపుగది వెనక చోటు

మా చిన్నది నా మొహం చూడటం మానేసింది.

చిన్నది అంటే నా తోడికోడలు. అన్నదమ్ములను చేసుకుని ఒకే ఇంట్లో అడుగుపెట్టిన రోజుల్లో మా అత్తగారు నన్ను పెద్దది అనీ, ఆమెను చిన్నది అనీ పిలిచేది. అత్తగారు పోయింది. ఆ అన్నదమ్ములిద్దరూ ఒకరి వెనక ఒకరు పోయారు. చిన్నదానికి తల నెరిసింది, మోకాళ్లు అరిగాయి. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. సైకిళ్లు బాగుచేసే దుకాణం పైన రెండు గదుల్లో మేమిద్దరం ఉంటాం. ఆమెకూ నాకూ రక్తసంబంధం లేదు. మమ్మల్ని కలిపిన ఇద్దరు మగవాళ్లూ లేరు. తాడే తెగిపోయాక ముడి ఎలా నిలిచి ఉందో అని నాకు రోజూ ఆశ్చర్యం. ఆశ్చర్యం కన్నా భయం ఎక్కువ.

చూడటం మానేయడం ఒక్కరోజులో జరగలేదు. మొదట వడ్డించేటప్పుడు కంచం వంక కాకుండా కిటికీ వంక చూడటం మొదలుపెట్టింది. గ్లాసులో నీళ్లు వంచితే పొర్లిపోయేవి. "మనసెక్కడ పెట్టావే?" అంటే, "ఎక్కడో పెట్టి మర్చిపోయా, దొరికితే చెప్పు" అని నవ్వేది. తర్వాత తర్వాత నేను ఎదురుగా కూర్చుని మాట్లాడినా తలుపు వైపు మొహం తిప్పుకుని బదులు చెప్పేది. ఒకసారి పట్టుబట్టి ఆ తలుపు దగ్గరే కూర్చున్నాను. మొహం గోడ వైపు తిప్పుకుంది.

అప్పుడే పనీ మానేసింది. టైలరు దుకాణంలో ఇన్నేళ్లు కాజాలు కుట్టి, బొత్తాలు వేసి బతికిన మనిషి. ఎందుకు మానేశావంటే, "చాల్లే అక్కా, ఊళ్లో చొక్కాలన్నీ నా మెడకే వేలాడాలా?" అంది. నాకు ఆ మాట నచ్చలేదు. ఇల్లు ఖాళీ చేయబోయేవాళ్లు ఇలాగే ఒక్కొక్క మేకూ పీకుతారు.

కొన్నాళ్లకు ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. తమ దగ్గరికి వచ్చి ఉండమన్నాడు. కింది గది ఖాళీగా ఉందట. మెట్లెక్కే బాధ లేదట. ఇంటి పక్కనే కాలువ, చలికాలం బాతులొస్తాయి, నీకిష్టం కదా అన్నాడట. నేను వంటింట్లో తోమిన గిన్నెనే మళ్లీ తోముతూ వింటున్నాను. చిన్నది, "ఆలోచిస్తా రా. చలి ముదిరేలోపు చెప్తా" అంది.

ఇంక అనుమానమేముంది? మనుషులు ఒక్కసారిగా వెళ్లరు. ముందు చూపు వెళ్తుంది, తర్వాత మాట, ఆఖరున మనిషి. నన్ను పెద్దమ్మ ఇంట్లో వదిలి వెళ్లిన రోజున మా అమ్మ పొద్దుటి నుంచీ నా జడే చూసింది, మొహం చూడలేదు. మా ఆయన ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో నన్ను పక్కన పెట్టుకుని పైన తిరిగే ఫ్యానుతో కబుర్లు చెప్పాడు. పక్కవాటాలో ఉండే నేస్తురాలు ఒక వారమంతా నా కళ్లు తప్పించుకు తిరిగింది. ఆ వారం చివర వాళ్ల తలుపుకు తాళం. ఇవన్నీ చూసినదాన్ని. తలుపు వైపు తిరిగిన మొహం చూస్తే నాకు చదవడం వచ్చు.

అసలు చదవడమంటే, నేను బడికి వెళ్లలేదు. పొట్లాల కాగితాల మీద, దుకాణాల బోర్డుల మీద కూడబలుక్కుని నేర్చుకున్నాను. అందుకేనేమో, అచ్చులో ఉన్నదాన్ని చదువుకున్నవాళ్ల కన్నా కొంచెం ఎక్కువ నమ్ముతాను. మా వీధి చివరి గ్రంథాలయంలో నీటిపిట్టల మీద బొమ్మల పుస్తకం ఒకటి ఉంది. తమ్ముడు బాతులతో ఎర వేశాడు కదా, మనకు మాత్రం చెరువు లేదా అనుకున్నాను. నడిచి వెళ్లగలిగినంత దూరంలో చెరువు, దాని గట్టున పార్కు. అక్కడా చలికాలం పిట్టలు వస్తాయి. బాతులు దగ్గరగా కనపడే మంచి చోటు ఒకటి వెతికి చిన్నదాన్ని తీసుకెళ్లి కూర్చోబెడితే, బాతుల కోసం వేరే ఊరు వెళ్లాల్సిన పని ఉండదు. వినడానికి పిచ్చిగా ఉంటుంది. ఒక మనిషిని ఆపడానికి ఇంతకన్నా మంచి ఉపాయం నా బుర్రలో అప్పుడు లేదు.

పుస్తకంలో ఇలా ఉంది: సూర్యుడు వీపు వెనక ఉండాలి. నీళ్లు సరిగ్గా ఎదురుగా ఉండాలి. రెల్లుగానీ జమ్ముగడ్డిగానీ ఉన్న లోతులేని చోటు కావాలి. మెరిసే రంగులు కట్టకూడదు, కదలకూడదు.

పాలు కాచి, చిన్నది లేవకముందే బయల్దేరేదాన్ని. మొదట గట్టు మీది బెంచీలు చూశాను. చెరువంతా కనిపిస్తుంది గానీ బాతులు ఆవాలంత ఉంటాయి. పైగా వెనక నుంచి పరుగెత్తేవాళ్లు, చెవుల్లో పాటలు పెట్టుకుని చేతులు ఊపేవాళ్లు. తర్వాత పడవలు కట్టే మెట్ల దగ్గర కూర్చున్నాను. అక్కడ జనం రొట్టెముక్కలు విసురుతారు. వచ్చేవి నాలుగు పెంపుడు బాతులు, వాటి వెంట కాకులు. వాటిని చూడ్డానికి చిన్నదాన్ని తీసుకొస్తే, "ఇవి మన సందులో కుక్కల్లా ఉన్నాయక్కా" అంటుందని నాకు తెలుసు. వంతెన కింద బాగుందనుకుంటే సూర్యుడు నేరుగా కళ్లల్లోకి కొట్టాడు. ఇంకోచోట బురద. నా చెప్పు ఒకటి అక్కడే ఉండిపోయింది, ఒంటి చెప్పుతో ఇల్లు చేరాను.

పార్కులో ఒకాయన పెద్ద కెమెరాతో తిరుగుతుంటాడు. ఎర్ర శాలువా కప్పుకుని నేను రెల్లులోకి దూరుతుంటే విసుక్కున్నాడు.

"అమ్మగారూ, పిట్టల్ని చూడాలంటే పిట్టలకి మీరు కనపడకూడదండీ."

"కనపడకుండా ఉండటం నాకు అలవాటే బాబూ" అన్నాను. "ఇంట్లో అదే పని."

ఆయనకు అర్థం కాలేదు. అయినా మర్నాటి నుంచి బూడిదరంగు శాలువా కప్పుకున్నాను.

చెరువుకు అవతలి మూల, వాడకం మానేసిన పంపుగది ఉంది. గోడ నిండా నాచు, తలుపుకు తుప్పు తాళం. అక్కడికి ఎవరూ రారు, వాసన వస్తుందని. దాని వెనక్కి వెళ్తే, గోడ పక్కగా కాంక్రీటు పలక ఒకటి నీళ్ల దాకా దిగి ఉంది. నీళ్లలో రెండు పక్కలా జమ్ము. పొద్దుటి ఎండ వీపు మీద పడుతుంది. నీళ్లు పుస్తకంలో చెప్పినట్టే సరిగ్గా ఎదురుగా ఉన్నాయి. నేను పలక మీద కూర్చుని ఊపిరి బిగబట్టాను. మొదట ఏమీ లేదు. కాసేపటికి జమ్ము కదిలింది. నుదుట తెల్లమచ్చతో నల్ల నీటికోళ్లు వచ్చాయి. వాటి వెనక గోధుమరంగు బాతులు, మెడలు ముందుకూ వెనక్కూ ఆడించుకుంటూ వచ్చాయి. కాళ్లు నీళ్లలో ఎలా తోస్తున్నాయో కూడా కనిపించేంత దగ్గర. నాకు ఏడుపొచ్చింది. ఇంత మంచి చోటు చూపిస్తే ఎవరైనా వెళ్తారా అనుకున్నాను. ఆ వెంటనే, చూపించినా వెళ్తే? అనుకున్నాను. నా బుర్ర ఎప్పుడూ రెండో ప్రశ్న దగ్గరే కాపురం ఉంటుంది.

మర్నాడు చిన్నదాన్ని లేపాను.

"ఎక్కడికక్కా ఇంత పొద్దున్నే? రైలేమన్నా పోతోందా?"

"పిట్టలు పోతాయి. లే."

"పిట్టలా? నీకు పిట్టలెప్పట్నుంచి? నిన్న మొన్నటిదాకా కోడికీ కాకికీ తేడా తెలీదు."

"పుస్తకం చదివాను."

"అయ్యో, అయితే వెళ్లాల్సిందే" అంది, తువ్వాలు కోసం గోడంతా తడుముతూ.

దారిలో నా మోచెయ్యి పట్టుకుని నడిచింది. ఎన్నో ఏళ్లుగా ఆమె నా చెయ్యి పట్టుకోలేదు. మోకాళ్ల నొప్పి కాబోలనుకున్నాను. పంపుగది దగ్గర గట్టు దిగేటప్పుడు అడుగు పడక నిలబడిపోయింది. "ఇక్కడ మెట్టుందా, లేదా?" అంది. "కళ్ల ముందే ఉంది కదే" అన్నాను. పాదంతో తడిమి దిగింది.

మడత స్టూలు తెచ్చాను. దాన్ని పలక మీద నీళ్లకు ఎదురుగా వేసి, అంగుళం అటూ ఇటూ సర్ది ఆమెను కూర్చోబెట్టాను. నేను పక్కన పలక మీదే కూర్చున్నాను. పిట్టలు నన్ను మోసం చేయలేదు. అవన్నీ వచ్చాయి. నిన్నటికన్నా దగ్గరికి వచ్చాయి. మెల్లగా మోకాలు గిల్లి, "చూశావా?" అన్నాను.

"చూస్తున్నా."

ఆమె మొహం పంపుగది గోడ వైపు తిరిగి ఉంది.

నాలో ఏదో తెగింది. ఇన్నాళ్లు దాచుకున్నదంతా ఆ తెగిన చోటు నుంచి వచ్చేసింది.

"గోడని చూస్తున్నావు. నాచుని చూస్తున్నావు. నేను తీసుకొచ్చానని చూడకూడదా? మీ తమ్ముడి కాలువలో బాతులకి బంగారు రెక్కలుంటాయా?"

"అక్కా, అరవకు. లేచిపోతాయి."

"పోనీ! పోయేవాళ్లని ఆపడం నాకు ఎప్పుడు చేతనైంది? వెళ్లాలనుంటే వెళ్లు. కానీ వెళ్లేదాకా మొహం చూడు. ఒక్కసారి చూసి వెళ్లు. కుక్కకైనా ఆపాటి మర్యాద చేస్తారు."

నీళ్ల మీద పెద్ద చప్పుడైంది. బాతులన్నీ రెక్కలు కొట్టుకుంటూ లేచి చెరువు మధ్యకు వెళ్లిపోయాయి. ఆ చప్పుడు తగ్గాక చిన్నది గోడ వైపే మొహం పెట్టి నెమ్మదిగా అంది:

"అన్నీ పోలేదు. అదిగో, జమ్ము పక్కన ఒకటుంది. ముక్కు రెక్కలో దూర్చుకుంది. ఎంత అరిచినా కదల్లేదు. మొండిది, నీలాగే."

నేను తిరిగి చూశాను. నిజమే. జమ్ము పక్కన ఒకే ఒక బాతు, ముక్కు రెక్కలో దూర్చుకుని ఉంది. ఆమె మొహం వైపు చూశాను. అది ఇంకా గోడ వైపే ఉంది.

"నేరుగా చూస్తే ఏమీ ఉండదక్కా" అంది. "మధ్యలో మసిగుడ్డ అడ్డం పెట్టినట్టుంటుంది. పక్కలవే కనిపిస్తాయి. నీ వంక చూస్తే నీ చెవులుంటాయి, జుట్టుంటుంది, మొహం ఉండదు. తలుపు వంక చూస్తే అప్పుడు నువ్వు పక్కన కొంచెం కనిపిస్తావు. అందుకే తలుపు వంక చూస్తున్నా."

వడ్డన, పొర్లిన నీళ్లు, తువ్వాలు కోసం తడిమిన గోడ, ఒక్కొక్కటీ వచ్చి నా ముందు కూర్చున్నాయి.

"కాజాలు వంకరపోతున్నాయన్నారు దుకాణంలో" అంది. "మంచిగానే చెప్పార్లే. మోకాళ్లకని చెప్పి వెళ్లానే, అది కంటి డాక్టరు దగ్గరికి. పోయింది రాదంది ఆవిడ. మసి ఇంకా పరుచుకుంటుందంది. అంచులు మిగలచ్చు, అదీ గట్టిగా చెప్పలేనంది."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే ఏం చేస్తావు? నా కళ్లు పోకముందే ఏడ్చి ఏడ్చి నీవి పోగొట్టుకుంటావు. ఇద్దరం గుడ్డివాళ్లమైతే గ్యాసు ఎవరు కట్టేస్తారు?"

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

"అందుకని వెళ్లిపోతావా? మీ తమ్ముడు బాగా చూస్తాడనా?"

"వాడా? వాడూ వాడి పెళ్లామూ పొద్దున పోతే దీపాలు పెట్టాక వస్తారు. అక్కడ నన్నెవరు చూస్తారు?"

"మరెందుకే?"

తన కొంగు అంచు వేలితో నొక్కుతూ కూర్చుంది.

"అక్కడ పోగొట్టుకోవడానికి నాకు ఎవరి మొహమూ లేదు" అంది. "వాళ్ల మొహాలు సరిగ్గా ఎన్నడు చూశాను గనక? ఇక్కడ ఏమవుతోందో తెలుసా? పొద్దున లేచి నిన్ను వెతుక్కుంటాను. నిన్న కనిపించిన బుగ్గ ఇవాళ ఉండదు. రోజూ నువ్వు కొంచెం కొంచెం వెళ్లిపోతున్నావు. నేను కూర్చుని చూస్తూ ఉండాలి. అది నావల్ల కావట్లేదు."

బతుకంతా ఇంకొకరు నన్ను వదిలి వెళ్తున్నారనే అనుకున్నాను. గుమ్మంలో నిలబడి చూసేది ఎప్పుడూ నేనే. ఇప్పుడు నా ఇంట్లో, నా ఎదురుగానే ఒక మనిషి, నేను వెళ్లిపోవడం చూస్తూ కూర్చుందట. ఉండిపోతానని ఆమెకు చెబుదామంటే ఎలా చెప్పాలో తెలియలేదు. నా మొహాన్ని పట్టుకుని ఆపడం నా చేతిలో లేదు.

ఏం చేయాలో తోచక లేచి నిలబడ్డాను. ఆమెను లేపి స్టూలు పక్కకు తిప్పాను. మొహం గోడకు, కుడి భుజం నీళ్లకు వచ్చేలా వేసి, "కూర్చో" అన్నాను. నేను ఆమెకు ఎడమ పక్కన, కొంచెం ముందుకు జరిగి కూర్చున్నాను.

"ఇప్పుడు?"

గోడను చూస్తూ చిన్నది కదలకుండా కూర్చుంది. "పిట్ట కనిపిస్తోంది" అంది. ఇంకాసేపటికి, "నువ్వూ కనిపిస్తున్నావు. శాలువా ఎంత దరిద్రంగా ఉందక్కా. ఎక్కడ దొరికింది?" అంది.

ఇంటికి వస్తూ దారిలో ఒక మాట ఇచ్చింది. ఈ పిట్టలు ఉన్నన్నాళ్లు ఉంటుంది. అవి వెళ్లాక తమ్ముడితో మాట్లాడుతుంది. అంతకన్నా ఎక్కువ అడగొద్దంది. నేను అడగలేదు.

ఆ చలికాలమంతా పంపుగది వెనక గడిపాం. పుస్తకం తిరిగి ఇచ్చేశాను. అందులో నీళ్లకు పక్కగా, గోడకు ఎదురుగా కూర్చోవాలని ఎక్కడా రాయలేదు. కెమెరా ఆయన ఒకరోజు తొంగి చూసి, "చెరువు అటుందండీ" అన్నాడు. "ఇక్కడ గోడ బాగుంటుంది బాబూ, ఫోటో తీసుకో" అంది చిన్నది. ఆయన మళ్లీ రాలేదు.

మొదట్లో స్టూలు ఒకసారి సరిచేస్తే చాలా రోజులు నడిచేది. తర్వాత తరచుగా తిప్పాల్సి వచ్చింది. "ఇంకొంచెం" అనేది. నేను కొంచెం తిప్పేదాన్ని. చోటు దొరికిందని నేను అనుకున్న ప్రతిసారీ అది మెల్లగా అక్కడి నుంచి జారిపోయేది. చెరువు చుట్టూ వెతికినట్టే ఆ చిన్న పలక మీద మళ్లీ వెతికేదాన్ని. ఇంట్లో మంచం జరిపాను, కుర్చీ జరిపాను, నేను నిలబడే చోట్లు మార్చుకున్నాను. నేను పక్కన ఉన్నా, "అక్కా, ఎక్కడున్నావు?" అని అడిగే రోజులు మొదలయ్యాయి.

ఎండలు మొదలవుతున్నాయి. చెరువు మధ్యలో పిట్టలు పలచబడ్డాయి. ఉదయం లేవగానే మొదటి ఆలోచన అదే, వెళ్లాయా, ఉన్నాయా? తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు. "పిట్టలు వెళ్లగానే" అంది చిన్నది. వాడికి అర్థమైందో లేదో.

ఇవాళ పొద్దున మంచు కాస్త ఉంది. స్టూలు వేశాను. ఆమె కూర్చుంది. నేను నా చోట్లో కూర్చున్నాను. జమ్ము కదిలింది. బాతులు వచ్చాయి. మునుపటంత గుంపు కాదు గానీ వచ్చాయి, పలక అంచు దాకా వచ్చి పాచి తింటున్నాయి. నేను చిన్నదాని మొహంలోకి చూశాను. ఏదైనా కనిపిస్తే దాని పెదవి కొస కొంచెం కదులుతుంది. కదల్లేదు.

"అక్కా" అంది. "ఇవాళ రాలేదా?"

రాలేదంటే ఆమె చూపు ఇంకొక్కరోజు ఆమెకు మిగులుతుంది. కానీ మాట ప్రకారం మూట కట్టుకుంటుంది. ఉన్నాయంటే ఉండిపోతుంది. కానీ ముక్కు కిందికి వచ్చిన బాతులు కూడా కనపడలేదని నా నోటితోనే చెప్పినట్టు. ఏ మాటైనా కత్తే. ఎవరికి తగలాలన్నది ఒక్కటే నా చేతిలో ఉంది.

"ఉన్నాయే" అన్నాను. "జమ్ముకి ఇవతలే ఉన్నాయి."

"ఎంత దూరం?"

"మన గదిలో మంచానికీ తలుపుకీ ఉన్నంత."

ఆమె తల కొంచెం అటు, కొంచెం ఇటు తిప్పింది. తర్వాత తిప్పడం ఆపేసింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"రాలేదని చెప్పుండచ్చుగా" అంది.

"చెప్తే వెళ్లిపోతావు."

"ఎంత స్వార్థం అక్కా నీకు."

"అవునే."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, పట్టుకుని పోట్లాడేదాన్ని. స్టూలు తిప్పనా అన్నాను. వద్దంది, తిప్పడానికి ఇంకేం మిగిలిందంది. నేను లేచి ఆమెకు ఆనుకుని స్టూలు పక్కనే కూర్చున్నాను, ఏ వైపు ఉన్నానో చూసుకోకుండా. ఆమె చెయ్యి నా శాలువా మీదికి వచ్చి, అంచు దొరికించుకుని అక్కడే ఆగింది.

"ఏం చేస్తున్నాయి?" అంది.

"ఒకటి మునిగింది."

"తేలిందా?"

"ఇంకా లేదు" అన్నాను.